తెల్ల మెట్టు మునిగిన రోజు

మొన్న ఆగస్టు పదిహేనుకి మా అపార్టుమెంటులో జెండా వందనం ఎన్నింటికి పెట్టుకోవాలన్న దాని మీద వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు చర్చ నడిచింది. పెందలాడే పెడితే పిల్లలు బళ్ళకి వెళ్ళిపోయి ఉంటారని ఒకరు, ఆలస్యమైతే టిఫిన్లు చల్లారిపోతాయని ఇంకొకరు, ఎండెక్కితే పెద్దవాళ్ళు నిలబడలేరని మరొకరు అనగా అనగా, చివరికి సెక్రటరీ గారు విసిగిపోయి ఎనిమిదింపావు అని తేల్చేశారు. ఆ గ్రూపులో నేను చదవడమే గాని రాయడం ఉండదు. బతుకంతా పత్రికలకి రాసినవాణ్ణి, ఊరికే రాయడం నాకు చేతకాదు. అలాంటిది ఆ రోజు మాత్రం వేలు ఊరుకోక, ‘గోదావరి ఎంతవరకు వచ్చిందో చూసి పెట్టుకుంటే పోలా’ అని రాశాను. ముగ్గురు బొటనవేలి బొమ్మలు పంపారు. కింది అంతస్తులో ఉండే కుర్ర ఇంజనీరు మాత్రం కంగారుగా మెట్లెక్కి వచ్చి, వరద హెచ్చరిక ఏమైనా ఇచ్చారా అంకుల్, సెల్లారులోంచి కారు తీసెయ్యమంటారా అని అడిగాడు. పత్రికలవాళ్ళకి కబుర్లు ముందే తెలుస్తాయని పాపం అతని నమ్మకం.

అతనికి కాఫీ ఇచ్చి పంపించేశాను. నేనన్నది అర్థం కావాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి, అతనికి అంత తీరిక ఉండదు. మీరైతే నా ఈడువారు. రాజమండ్రి నుంచి కొవ్వూరుకి రోడ్డు వంతెన ఇంకా కడుతున్న రోజుల్లో లాంచీ కోసం రేవులో గొడుగులు పట్టుకుని నిలబడ్డవారు. మీతో చెప్పుకుంటే నాకూ బాగుంటుంది.

మా అమ్మ పుట్టిన ఊరు కొవ్వూరుకి దిగువన, ధవళేశ్వరం ఆనకట్టకి ఎగువన, గోదావరి నడిమధ్యన ఉండే ఒక లంక. పొగాకు, మిరప, కూరపాదులు పండే ఇసుక నేల. ఎత్తుగా ఉన్న దిబ్బల మీద రైతుల ఇళ్ళు, రేవు పక్కన చేపలు పట్టి, పడవలు నడిపి బతికేవాళ్ళ ఇళ్ళు. ఆ రేవుకి రాతి మెట్లుండేవి. వాటిలో పైనున్న ఒక మెట్టుకి ఏటా ఎండాకాలంలో సున్నం కొట్టేవారు. అది అందానికి కాదు. అవతలి గట్టు మీదున్న పడవవాళ్ళకి ఆ తెల్ల మెట్టు కనబడితే ఏరు దాటొచ్చని లెక్క, వరద దాన్ని ముంచేసి కనబడకుండా చేస్తే పడవ కదలకూడదని లెక్క. పెళ్ళివారు వచ్చినా, పురిటి మనిషి కోసం మంత్రసాని కావాలన్నా, కలెక్టరుగారే వచ్చినా సరే, తెల్ల మెట్టు కనబడకపోతే పడవ కదిలేది కాదు. పుట్టి బుద్ధెరిగిన ప్రతి పడవ మనిషికీ అది చట్టం.

లంక జెండా కథ ఆ మెట్టుతోనే మొదలైంది. క్విట్ ఇండియా రోజుల్లో మా తాతయ్యనీ, లంకలో మరికొందరినీ పట్టుకుపోయి రాజమండ్రి జైల్లో పెట్టారట. మిగిలిన మగవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ పొగాకు కాల్చే బేరన్లలో, బంధువుల ఊళ్ళలో తలదాచుకున్నారట. అప్పటికి మా అమ్మకి ఎనిమిదేళ్ళు, మావయ్యకి మూడు; వాళ్ళని కూడా బంధువుల ఇంటికి పంపేశారట. అత్తగారి ఎదుట గట్టిగా తుమ్మడానికి కూడా జంకే మా అమ్మమ్మ, తోటి ఆడవాళ్ళని పోగుచేసి, తాతయ్య పెట్టెలో దాచిపెట్టిన రాట్నం జెండా తీసి, రేవులో కట్టేసి ఉన్న పడవ తెరచాప కొయ్యకి ఎగరేసింది. అవతలి గట్టు మీద నుంచి చూస్తే నది మధ్యలో జెండా. దించడానికి పోలీసుల్ని వెంటేసుకుని ఇంగ్లీషు దొర అవతలి గట్టుకి వచ్చాడు. వచ్చేసరికి గోదావరి పొంగి తెల్ల మెట్టు మునిగిపోయింది. పడవవాళ్ళు మేం కదలం అన్నారు. దొర దుర్భిణి పెట్టి చూసి, తెల్ల మెట్టు కనబడక, తిట్టుకుంటూ వెనక్కి మళ్ళాడు. నీరు తీసిందాకా జెండా అలాగే ఎగిరింది. ఆ కొద్ది రోజులూ లంక మీద ఇంగ్లీషువాడి పెత్తనం లేదు. గోదారమ్మే అడ్డం నిలబడి కాపాడిందని మావాళ్ళు చెప్పుకునేవారు.

అందుకని, దేశానికంతటికీ స్వతంత్రం వచ్చాక కూడా, లంకవాళ్ళ జెండా పండగ ఆగస్టు పదిహేను కాదు. ఏటా వరద వచ్చి తెల్ల మెట్టు మునిగిన రోజు. ఆగస్టు పదిహేనున బళ్ళో పంతులుగారు పిల్లలతో ఒక చిన్న జెండా ఎగరేసి పిప్పరమెంటు బిళ్ళలు పంచేవారు గాని, దాన్ని బడి జెండా అనేవారు తప్ప ఊరి జెండాగా ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. ఊరి జెండా రోజు ఏరు చెప్పాలి. కొవ్వూరు సంతలో ఎవరైనా వేళాకోళం చేస్తే, మీకన్నా మాకు ముందే వచ్చింది స్వతంత్రం అని మా మావయ్య మీసం దువ్వేవాడు. బడి సెలవలకి కాకపోయినా, ఏరు పొంగుతోందన్న కబురు రాగానే, మెట్టు మునిగి పడవలు ఆగేలోగా మా అమ్మ నన్ను భుజానేసుకుని లంకకి వెళ్ళిపోయేది. ఏటి నీరు ఎర్రగా సుళ్ళు తిరుగుతూ ఉండేది, కొయ్య మీద జెండా తడిసి బరువుగా కొట్టుకునేది, పడవవాళ్ళ ఇళ్ళలో పులస పులుసు, రైతుల ఇళ్ళలో బూరెలు, ఇక్కడి గిన్నెలు అక్కడికీ అక్కడి గిన్నెలు ఇక్కడికీ తిరిగేవి. స్వతంత్రం అంటే పులుసు వాసన అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇప్పటికీ పూర్తిగా మానలేదు.

సరే, నేను చదువు ముగించి రాజమండ్రిలో ఒక దినపత్రికకి విలేకరిగా కుదిరిన కొత్తలో, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళు నిండాయి. వార్తలు కాగితాల మీద రాసి, కవర్లో పెట్టి, బస్సు డ్రైవరు చేతికిచ్చి, అవతల అందిందో లేదో మర్నాడు పేపరు చూసి తెలుసుకునే రోజులు. ఊరూరా ఉత్సవాలు చెయ్యాలని పైనుంచి తాఖీదులు వచ్చాయి. లంకకి అప్పుడు మా మావయ్యే సర్పంచి. ఆయనకి ఒకే కోరిక ఉండేది. లంక బడి తాటాకు పాక. ప్రతి వరదకీ కొట్టుకుపోయేది, మళ్ళీ వేసుకునేదాకా పిల్లలు మా అమ్మమ్మగారి పశువుల సావిట్లో గేదెల పక్కన కూర్చుని ఎక్కాలు చదివేవారు. స్తంభాల మీద ఎత్తుగా పక్కా బడి కట్టించాలని మావయ్య ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. ఆ ఏడు కొత్తగా వచ్చిన కుర్ర సబ్ కలెక్టరుగారు, ఆగస్టు పదిహేనున తానే లంకకి వచ్చి, ఆనాడు జెండా ఎగరేసిన అమ్మగారి చేతనే జెండా ఎగరేయించి, బడి సంగతి అక్కడికక్కడే చూస్తానని మాటిచ్చారు. మావయ్య ఉబ్బిపోయి సరేనండి అనేశాడు. అమ్మమ్మని మాత్రం అడగలేదు.

ఆ ఏడు పైన వానల్లేవు. ఆగస్టు వచ్చినా గోదావరి సన్నగా, ఒద్దికగా, ఎవరినో పలకరించి వెళ్ళిపోతున్నట్టు పారుతోంది. తెల్ల మెట్టు ఎండలో తళతళ మెరుస్తోంది. అమ్మమ్మ ఒక్క మాటలో తేల్చేసింది, ఏరు రాలేదు కాబట్టి జెండా లేదని. మావయ్య బతిమాలాడు, కోప్పడ్డాడు, అన్నం మానేశాడు. ఆమె కూడా మానేసింది. కాసేపటికి ఇద్దరికీ ఆకలేసి, మాట్లాడుకోకుండా పక్కపక్కనే కూర్చుని తిన్నారట. అప్పుడు నాకు కబురంపారు. పత్రికలో పనిచేసేవాడు, నోరున్నవాడు, మనవడు చెబితే వింటుందని.

ముందు రోజే వెళ్ళాను. అమ్మమ్మ పొగాకు ఆకు తొడిమలు తుంచుతూ నేను చెప్పిందంతా ఓపిగ్గా వింది. ఆఫీసరుగారు చిన్నబుచ్చుకుంటే బడి రాదని, పిల్లలు మళ్ళీ గేదెల పక్కనే కూర్చుంటారని, ప్రభుత్వానికి ఒక తేదీ అంటూ ఉంటుందని, పైగా ఆ రోజుల్లో రూల్సు ప్రకారం ఎవరు పడితే వాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు జాతీయ జెండా ఎగరేయకూడదని, ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు గాని ఇలాగైనా మన జెండా సక్రమం అవుతుందని, నాకు తెలిసిన వాదాలన్నీ వాదించాను. అంతా అయ్యాక ఆమె నా వైపు చూసి, “తేదీ మీది. జెండా నాది. మీ తాతయ్య జైల్లో ఉండగా నన్ను కాపాడింది ఏరు. దాన్ని పిలవకుండా పండగ చేసుకుంటే అది నన్నేమనుకుంటుంది రా?” అంది. నేనూ ఒక ఆకు అందుకుని తొడిమ తుంచడం మొదలుపెట్టాను. గడపలో నిలబడి వింటున్న మావయ్య, “నువ్వూ ఇంతేనా, పేపర్లో మాత్రం పేజీలకి పేజీలు రాసేస్తావు,” అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే లంకంతా రేవులో చేరింది. ఎవరి పక్షాన వాళ్ళు చేరారు గాని, అందరూ ఉతికిన బట్టలే కట్టుకున్నారు. అమ్మమ్మ పైమెట్టు మీద చాప పరిపించుకుని కూర్చుంది. పడవ తెరచాప కొయ్యకి తాడు కట్టి, మడతపెట్టిన జెండా పట్టుకుని మావయ్య నిలబడ్డాడు, చెమటలు కారుతూ. సబ్ కలెక్టరుగారి లాంచీ వచ్చింది. ఆయన ఎక్కడో ఉత్తరాది మనిషి, పాతికేళ్ళు మించవు, తెలుగు పుస్తకాలు చూసి నేర్చుకున్నారు. దిగీ దిగగానే అమ్మమ్మకి వంగి నమస్కారం పెట్టి, “మాతా, తమరు జెండా ఎగురవేయుటకు సిద్ధముగా ఉన్నారా?” అన్నారు. పిల్లలు కిసుక్కున నవ్వారు. అమ్మమ్మ నవ్వలేదు. కూర్చోమని చాప చూపించి, ఏరు రాలేదు బాబూ అని, మొత్తం కథ మొదటినుంచీ చెప్పింది. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మధ్యలో ఒక్కసారి కూడా గడియారం చూసుకోకుండా విన్నారు. అంతా విన్నాక ఏం చెయ్యాలో తెలియక మావయ్య వైపు చూశారు. మావయ్య ఏటి వైపు చూశాడు. నోట్లోకి వచ్చిన ముద్ద జారిపోతున్నట్టుంది మావయ్య ముఖం.

అప్పుడు, మెట్ల చివర చుట్ట కాలుస్తూ కూర్చున్న పడవ పెద్దాయన చిన్నగా దగ్గాడు. లంకలో అందరికన్నా పాత పడవ మనిషి ఆయన. క్విట్ ఇండియా నాడు దొరతో పడవ కదలదని చెప్పింది ఆయనే.

“అమ్మగోరూ, ఆ ఏడు మాత్రం ఏరెక్కడొచ్చిందండి?” అన్నాడు.

అమ్మమ్మ చివ్వున తలెత్తింది. “ఎవరికీ చెప్పనని ఒట్టేశావు కదా?”

“తెల్లోడున్నంతకాలం చెప్పనన్నానండి. ఆడెల్లిపోయి చాలా కాలవైందండి.”

ఇక దాచడానికి లేకపోయింది. పెద్దాయన చుట్ట పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు కూడా ఇలాగే ఏరు కిందనే ఉందట, తెల్ల మెట్టు శుభ్రంగా కనబడుతోందట. పోలీసులు బయల్దేరారని తెలిసి, తెల్లారకముందే చిన్న దోనె మీద తాను లంకకి వచ్చి అమ్మగారితో ఒక్కటే మాట చెప్పాడట, మెట్టు కనబడుతున్నంతసేపూ దొరని కాదనడానికి మాకు నోరు రాదని, మా తాతల కాలం నుంచీ వస్తున్న పద్ధతి తప్పలేమని. చెప్పి వెనక్కి వెళ్ళిపోయాడట. అమ్మమ్మా, ఆడవాళ్ళూ కలిసి ఏటి అడుగునున్న ఎర్ర ఒండ్రు తట్టలతో తెచ్చి, ఇల్లు అలికినట్టు ఆ తెల్ల మెట్టు అలికేశారట. అవతల నుంచి చూస్తే మెట్టు మాయం.

“మేం అబద్ధవాడలేదండి. కనబడపోతే కదలవన్నాం. కనబళ్ళేదు. కదల్లేదు,” అని పెద్దాయన మళ్ళీ చుట్ట అందుకున్నాడు.

మావయ్య నోరు తెరుచుకుని వాళ్ళమ్మని చూస్తున్నాడు. ఊహ తెలిసినప్పటినుంచీ విన్న కథ, కొవ్వూరు సంతలో మీసం దువ్వి చెప్పిన కథ. అమ్మమ్మ కొంగు చివర మెలితిప్పింది. తరవాత ఆమె భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందేమోనని మా అమ్మ దగ్గరికి వెళ్ళబోయింది. నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, “పై ఏటి నుంచీ నిజంగానే వచ్చేది కదరా. ఏటా వచ్చేసరికి, ఆ మొదటేడూ అదే వచ్చిందనుకున్నాను. చెప్పగా చెప్పగా నేనే నమ్మేశాను,” అంది. అని లేచి నిలబడి, కొంగు బిగించి నడుముకి దోపుకుని, ఆడవాళ్ళ వైపు తిరిగి, “ఏంటే అలా చూస్తారు, తట్టలు పట్రండి,” అంది.

ఆ తరవాత జరిగినదాన్ని విలేకరిగా ఎలా రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు. రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు, పడవవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు, ఉతికిన చీరల సంగతి మర్చిపోయి నీళ్ళలోకి దిగిపోయారు. ఏటి అడుగున చెయ్యి పెడితే వెన్నలా వచ్చే ఒండ్రు. సబ్ కలెక్టరుగారు ఒక నిమిషం చూసి, “అట్లయిన నదిని మనమే రప్పింతము,” అని బూట్లు విప్పి, పంట్లాం పైకి మడిచి తానూ దిగారు. ఆయన వెంట వచ్చిన దఫేదారు కంగారుపడి, వద్దండి బాబూ అంటూ తలపాగాతో సహా వెనకాలే దిగి మోకాలి లోతులో కూరుకుపోతే, పడవవాళ్ళ పిల్లలు పట్టి లాగారు. అమ్మమ్మ పైమెట్టు మీద గొంతుక్కూర్చుని, ఈ మూల మిగిలింది, ఆ అంచు తెల్లగా ఉంది అని అందరి చేతా అలికించింది. సబ్ కలెక్టరుగారి అలుకుడు చూసి, నీకు పెళ్ళయిందా బాబూ అని అడిగి, లేదండి అంటే, తెలుస్తూనే ఉందిలే అంది.

అలకడం అయ్యాక ఆమెకి మరో పట్టుదల వచ్చింది. అవతలి గట్టు నుంచి కనబడుతోందో లేదో చూసి చెప్పాలి, చెబితేనే జెండా. దానికి నన్ను పంపింది. పెద్దాయన పడవ నడుపుతుంటే కొవ్వూరు గట్టు దాకా వెళ్ళాను. ఆనాడు దొర నిలబడింది ఇక్కడేనండి అని ఆయన చూపించిన చోట దిగి, లంక వైపు తిరిగాను. అప్పటివరకు లంకని నేను ఎప్పుడూ అక్కడినుంచి అలా చూడలేదు. సన్నటి నది, అవతల ఎర్రమట్టి అంచు, దాని మీద చిన్న చిన్న రంగుల చుక్కల్లా మా వాళ్ళందరూ ఒకే చోట కదలకుండా నిలబడి నా వైపే చూస్తున్నారు. కళ్ళు చికిలించాను. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఎంత వెతికినా తెల్ల మెట్టు కనబడలేదు. అక్కడున్నదంతా ఏరే. నేను భుజం మీది తువ్వాలు తీసి ఊపాను. ఆ చుక్కల మధ్యలోంచి జెండా కొయ్య మీదికి మెల్లగా పాకి, పైకెళ్ళి విచ్చుకుంది. కేకలు నీళ్ళ మీదుగా కాస్త ఆలస్యంగా వచ్చి నన్ను చేరాయి. పక్కన పెద్దాయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

తిరిగి వెళ్ళేసరికి జెండా తాడు నిండా ఎర్రటి వేలిముద్రలు. అమ్మమ్మవీ, సబ్ కలెక్టరుగారివీ కలిసిపోయి. ఇద్దరూ చేతులు కడుక్కున్నారు గాని గోళ్ళలో ఒండ్రు పోలేదు. ఆ చేతులతోనే ఆయన మా సావిట్లో గేదెల పక్కన పీట వేసుకుని బూరెలు తిని, పిల్లల చేత ఎక్కాలు చెప్పించుకున్నారు. ఒక గేదె ఆయన ఫైలు మూల నమిలింది. బడి మంజూరైంది. స్తంభాల మీద, వరద అందనంత ఎత్తున కట్టారు. మావయ్య ఆ బడి మెట్లెక్కినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగి ఏటిని చూసేవాడు. నా వార్తకి మాత్రం ‘లంకలో ఘనంగా స్వాతంత్ర్య వేడుకలు’ అని శీర్షిక పెట్టి, నాలుగు వాక్యాలుంచి మిగతాది కత్తిరించేశారు. మా అమ్మమ్మ ఆ నాలుగు వాక్యాలూ చదివించుకుని, మంచిదే, అసలు సంగతి మన దగ్గరే ఉండిపోయింది అంది.

తరవాత ధవళేశ్వరంలో పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ వచ్చింది, నీరు పైకి నిలిచి తెల్ల మెట్టు ఏడాది పొడుగునా మునిగే ఉండటం మొదలైంది. అయితే ఇక మనకి రోజూ జెండా పండగే అని అమ్మమ్మ మురిసిపోయింది. అది ఆమె చివరి రోజుల్లో అన్న మాట. ఆ తరవాత ఏరు లంకని కొద్దికొద్దిగా కోసుకుపోయింది. మావాళ్ళు ఒక్కొక్కరే గట్టు మీద కాలనీలోకి మారిపోయారు. పడవవాళ్ళ పిల్లల్లో చాలామంది ఇప్పుడు ఆటోలూ, చేపల చెరువులూ చూసుకుంటున్నారు. కష్టపడి బాగుపడ్డారు. దానికి నాకు సంతోషమే. దేశం, జాతి, స్వాతంత్ర్యం అన్న మాటలు నా ఉద్యోగంలో ఎన్ని వేలసార్లు రాసి ఉంటానో నాకే తెలియదు. పెద్దపెద్దవాళ్ళు వాటికిచ్చిన అర్థాలు రాసుకుని పేజీలు నింపాను. అవన్నీ సరైనవే కావచ్చు. నాకు మాత్రం ఆ మాటలు వినగానే, నలుగురూ కలిసి నీళ్ళలోకి దిగి, ఉన్నదాన్ని లేనట్టూ లేనిదాన్ని ఉన్నట్టూ చేసి, ఆ తరవాత దాన్ని నిజం చేసుకుని బతికిన రేవే కళ్ళకి కడుతుంది.

ఈ ఏడు జెండా సంగతి కనుక్కుందామని మావయ్య కొడుక్కి ఫోను చేశాను. “ఎనిమిదింటికల్లా అయిపోయింది బావా, ఫోటో పెట్టాను చూడు,” అన్నాడు. చూశాను. కాలనీ కమ్యూనిటీ హాలు ముందు సిమెంటు దిమ్మె, దాని చుట్టూ ముగ్గు, కొత్త జెండా, వరసగా నిలబడి నమస్కారం పెడుతున్న మావాళ్ళు, వాళ్ళ పిల్లలు, వాళ్ళ పిల్లల పిల్లలు. ఎవరెవరో పోల్చుకోవాలని వేళ్ళతో ఫోటో పెద్దది చేసి ఒక్కొక్కరినే చూసుకుంటూ పోయాను. అందరూ ఆరోగ్యంగా, నిండుగా ఉన్నారు. అందరి చేతులూ శుభ్రంగా ఉన్నాయి.